మూతరెక్కల పెట్టెలు

హన్మకొండలోని ఒక పాత డిగ్రీ కాలేజీలో వినోద స్వీపర్. కాగితాల మీద అంతే. పిల్లలు మాత్రం ఆమెను పురుగులక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత ముఖం మీదే అనడం అలవాటైంది. ఆమె దానికి కోపం తెచ్చుకోలేదు, పొంగిపోనూ లేదు.

ఆమె పుట్టింది ధర్మసాగర్ పక్కన ఒక పల్లెలో. ఏడో తరగతి దాకా చదివింది. పెళ్ళయ్యాక భర్త యాదగిరి వెంట వరంగల్ వచ్చింది. యాదగిరికి ట్రాలీ ఆటో ఉంది. మార్కెట్ నుంచి మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలకు తోలుతాడు. వినోద కూడా పదేళ్ళు మిర్చిలోనే బతికింది. ఎనుమాముల వైపు ఒక గోదాములో కుప్ప ముందు కూర్చుని పొద్దంతా తొడిమెలు తీసేది. వేళ్ళు ఎంత మండినా ఆగకుండా ఆడేవి, కళ్ళు మాత్రం ముడుచుకుపోయేవి. చివరికి దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు ఆ పని మానకపోతే మందులు దండగ అన్నాడు. 2011లో ఒక ఏజెన్సీ ద్వారా కాలేజీలో ఊడ్చే పనికి చేరింది.

ఆమెకు అప్పగించిన గదుల్లో జంతుశాస్త్రం వాళ్ళ వెనక గది ఒకటి. దాంట్లో గోడ పొడవునా నలభై మూడు చెక్క పెట్టెలుండేవి. అద్దం మూతలు. లోపల సూదులకు గుచ్చిన పురుగులు. ప్రతి సూదికి కింద ఒక చిన్న చీటీ, దాని మీద ఊరి పేరు, తారీఖు. డెబ్బైల నుంచి ప్రతి వానాకాలం పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పట్టుకొచ్చినవవి. ఎవరూ వాటి వంక చూసేవాళ్ళు కాదు. శాఖాధిపతి రమాకాంత్ సార్ ఒక్కడే మూడు నెలలకోసారి, పురుగు పట్టకుండా పెట్టే డాంబర్ గోలీలు మార్చడానికి మూతలు తీసేవాడు. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

రెండేళ్ళ తర్వాత ఒక సెప్టెంబరులో, బీరువా మీది బూజు దులుపుతుంటే వినోద చెయ్యి తగిలి ఒక పెట్టె కింద పడింది. అద్దం రెండు ముక్కలైంది. ముప్ఫై ఒక్క పురుగులు నేల మీద చెల్లాచెదురయ్యాయి. తలలు ఒక పక్క, కాళ్ళు ఒక పక్క, రెక్కలు ఒక పక్క. సార్ పేపర్లు దిద్దడానికి హైదరాబాద్ పోయి ఉన్నాడు, రావడానికి రెండు రోజులుంది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది. పారిపోవడానికి మనసొప్పలేదు, దాచడానికి చోటు లేదు. తలుపు దగ్గరకు వేసి, కింద కాగితం పరుచుకుని కూర్చుంది.

అప్పుడే ఆమె ఆ రెక్కలను దగ్గరగా చూసింది. పురుగు ఒంటి మీద పైన కనిపించే గట్టి రెక్కలు ఎగరడానికి కావు. ఎగిరే రెక్కలు వాటి కింద మడిచి ఉంటాయి, ఉల్లిపొరలాగా పల్చగా. పైవి వాటి మీద మూతల్లాగా కప్పుకుని ఉంటాయి. కొన్ని అద్దంలా నున్నగా ఉన్నాయి. కొన్నిటి మీద నాగటిచాళ్ళలాగా గీతలున్నాయి, గీతల్లో సూదిమొనతో పొడిచినట్టు సన్నటి గుంటలున్నాయి. ఒక్కో రెక్కకు ఒక అంచు కత్తిలా నిటారుగా ఉంది, రెండో అంచు వంపు తిరిగి ఉంది. నిటారు అంచులు రెండూ కలిసిన చోటే వీపు మీద నడిమి గీత. అంటే ఏది ఎడమదో ఏది కుడిదో చెప్పవచ్చు. అది తెలిశాక ముక్కలు జతచేసి అంటించే పని నడిచింది. తొడిమెలు తీసిన వేళ్ళు కాబట్టి తొందరగానే నడిచింది.

మూడో రోజు సార్ రాగానే ఆమె తనే పోయి చెప్పింది. పెట్టె తెచ్చి ముందు పెట్టింది. ఆయన భూతద్దం తీసి ఒక్కో పురుగునూ చూశాడు. ఎంతసేపు చూశాడంటే, ఆమె నిలబడలేక గోడకు చేరగిలబడింది.

"ఈ జతలు ఎట్ల పట్టినవ్?" అన్నాడు.

"గీతలు లెక్కపెట్టిన సార్. గీతలు సమానమైనయి ఒక దగ్గర ఏసిన. ఎనుక వాటిల్ల ఎడమయి, కుడియి ఏరు జేసిన."

"రెండు తప్పు పెట్టినవ్." ఏ రెండో చూపించాడు. పరిమాణం ఒకటే, గీతలూ ఒకటే, కానీ ఒకదాని భుజం దగ్గర సన్నటి నూగు ఉంది, రెండోదానికి లేదు. ఆమె వంగి చూసి తల ఊపింది. అద్దం పగిలిన సంగతి ఆయన ఎత్తలేదు. రేపటి నుంచి ఊడ్చడం అయిపోయాక ఇక్కడికి రమ్మన్నాడు.

అట్లా ఆమె ఆ పని నేర్చుకుంది. ఎండిన పురుగును ఆవిరి పట్టి మెత్తబరచడం, చిమ్టా అనే సన్నటి పట్టుకారుతో కాళ్ళు సర్దడం, సూది గుచ్చడం. సార్ పుస్తకంలో పేరు చెప్పాడు, ఎలిట్రా అని. ఆమె నోటికి అది తిరగలేదు. మూతరెక్క అంది. సార్ దిద్దలేదు, కొన్నాళ్ళకు తానూ పాఠంలో మూతరెక్కలనే అనడం మొదలుపెట్టాడు.

సూది ఎక్కడ గుచ్చాలనే దగ్గర ఆమె మొదట తప్పింది. వీపు నడిమధ్య గుచ్చితే పురుగు తిన్నగా నిలుస్తుందనుకుంది. నడిమి గీత మీద సూది దిగగానే మూతరెక్కలు రెండూ చెరో పక్కకు విచ్చుకుపోయాయి. కుడి మూతరెక్క మీద గుచ్చాలని, లోకంలో ఎక్కడైనా ఇట్లాంటి పురుగుల్ని అక్కడే గుచ్చుతారని సార్ చెప్పాడు. కుడి పక్కనే ఎందుకని ఆమె అడిగింది.

"ఎడమ పక్క అయినా నష్టం లేదు," అన్నాడు ఆయన. "కానీ అందరు ఒక్క పక్కనే గుచ్చితె, రెండో పక్క అందరికి బాగుంటది. ఎక్కడి పెట్టె తెరిసినా ఎడమ రెక్క చెడకుండ కనబడాలె."

2018లో ఆయన రిటైర్ అయ్యాడు. పోయే రోజు గది తాళంచెవుల్లో ఒకటి వినోద చేతిలో పెట్టాడు. మూడు నెలలకోసారి డాంబర్ గోలీలు మార్చాలి, వానాకాలంలో రెండు నెలలకే మార్చాలి, అంతే, అన్నాడు. ఆయన చోటులోకి భారతి మేడం వచ్చింది. చేపల మీద చదువుకున్న మనిషి. పురుగులంటే ఆమెకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. వినోద అడిగినప్పుడల్లా గోలీలు తెప్పించి ఇచ్చేది.

తర్వాత కరోనా వచ్చింది. కాలేజీ మూతపడింది. ఏజెన్సీ వాళ్ళు స్వీపర్లలో సగం మందిని ఆపేశారు, అందులో వినోద ఒకతె. ఇంట్లో ముందు యాదగిరికి వచ్చింది, తర్వాత అత్తకు. అత్త బతకలేదు. ఆ తర్వాత ఆటో నడిచిన రోజు నడిచింది, లేని రోజు లేదు. కాలేజీ నడుమ రెండుసార్లు తెరిచి మళ్ళీ మూశారు. మొత్తం మీద ఏడాదిన్నర దాటింది. తాళంచెవి దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆమె దాన్ని చూసేది. చూసేది కానీ అది దేని తాళంచెవో ఒక్కసారి కూడా తలపుకు రాలేదు. తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పోలేకపోవడం వేరు. మనసులోకే రాకపోవడం వేరు.

2021 సెప్టెంబరులో మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. గది తెరిచిన రోజు ముందుగా తగిలింది వాసన. డాంబర్ గోలీల వాసన కాదు, తడిసి ఆరిన గోనెసంచి వాసన. పైకప్పు ఒక మూల కారింది. పెట్టెలు పైకి ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. మూత తీసి చూస్తే లోపల గోధుమరంగు పొడి. పొడిలో వెంట్రుకలతో కదులుతున్న సన్నటి లార్వాలు. అవి కూడా ఒక జాతి పురుగుల పిల్లలే. నువ్వుగింజంత ఉంటాయి పెద్దయ్యాక, ఎండిన పురుగుల్ని తిని బతుకుతాయి. రమాకాంత్ సార్ వాటి గురించే ఎప్పుడూ చెప్పేవాడు. పేరు వినడమే తప్ప చూడటం అదే మొదలు.

సీతాకోకచిలుకల పెట్టెల్లో ఏమీ మిగల్లేదు. సూదులు, చీటీలు, చిటికెడు పొడి. మిడతల పెట్టెలూ అంతే. పందొమ్మిది పెట్టెల్లో మాత్రం, మూతరెక్కలున్న పురుగుల పెట్టెల్లో, పొడి నడుమ రంగులు కనిపించాయి. ఆకుపచ్చ, రాగిరంగు, నలుపు, నలుపు మీద పసుపు. లార్వాలు మెత్తటిదంతా తినేసి, పళ్ళకు దొరకని మూతరెక్కలను వదిలేశాయి.

ఆమె ఆ పూట ఊడ్చే పని చెయ్యలేదు. గదిలో బల్ల మీద కూర్చుంది. సూపర్‌వైజర్ వచ్చి కేకేస్తే లేచింది.

భారతి మేడం వచ్చి నాలుగు మూతలు తీసి చూసింది. నవంబరులో పెద్ద తనిఖీ బృందం వస్తోందని, ఈలోగా గదిని ఖాళీ చేసి కంప్యూటర్లు పెట్టమని ప్రిన్సిపాల్ చెప్పాడని అంది. పురుగు మిగతా బీరువాలకు పట్టకముందే పెట్టెలన్నీ వెనక మైదానంలో కాల్చేయడం మంచిదంది. ఆమె చెప్పింది తప్పేమీ కాదు.

"మేడం, సీతాకోకలయి, మిడతలయి కాలుస్త," అంది వినోద. "ఈ పందొమ్మిది పెట్టెలు జర నాకు ఇడువుండ్రి. పొడి తీసేసి రెక్కలు ఏరుకుంట."

"రెక్కలేం చేసుకుంటవ్ వినోదక్కా? పురుగే లేదాయె."

"చీటీలు ఉన్నయి మేడం. ఏ రెక్క ఏ చీటీదో నేను పట్టుకుంట."

తనిఖీ రోజు ఆ గదిలో ఒక్క పెట్టె కూడా కనబడకూడదు, నీ డ్యూటీ ఆగకూడదు, ఈ రెండు షరతుల మీద మేడం ఒప్పుకుంది. ఇరవై నాలుగు పెట్టెలు మైదానంలో కాల్చారు. చెక్క పాతది కాబట్టి తొందరగా అంటుకుంది. వినోదే కిరోసిన్ పోసింది.

మిగతావి మెట్ల కింది స్టోరులోకి మారాయి. ముందు ఒక్కో పెట్టెనూ పాత డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచి లార్వాలను చంపింది. అది సార్ చెప్పిన ఉపాయమే. ఆ తర్వాత మధ్యాహ్నం డబ్బా తిన్నాక ఒక గంట, సాయంత్రం పిల్లలు పోయాక ఒక గంట కూర్చునేది. ముక్కుకు చున్నీ కట్టుకుని, కుంచెతో పొడి పక్కకు తోసి, చిమ్టాతో ఒక్కో రెక్కనూ తీసేది.

మొదటి పెట్టె దగ్గరే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. సూదులు నిలబడే ఉన్నాయి. సూది మొదట్లో చీటీ అట్లాగే ఉంది. చాలా సూదులకు చీటీ పైన కుడి మూతరెక్క ఇంకా గుచ్చుకునే ఉంది. ఒళ్ళంతా రాలిపోయినా, సూది దిగిన ఆ ఒక్క ముక్క రాలడానికి దారి లేదు. కాబట్టి ఏ ఊరి పురుగు ఏదో కుడి రెక్కే చెబుతోంది. పొడిలో వెతకవలసింది ఎడమ రెక్కను మాత్రమే. పెట్టెకు అరవై పురుగులుంటే వెతకడానికి అరవై రెక్కలు. దారి తెన్నూ లేదనుకున్న పని కాస్తా వేళకు కూర్చుంటే తెమిలే పని అయింది.

అట్టను చిన్న ముక్కలుగా కోసి, వాటి మీద జతలు పక్కపక్కనే అంటించి, అదే సూదికి అదే చీటీతో గుచ్చింది. అంటించేటప్పుడు జిగురు చుక్క ఆవగింజ కన్నా పెద్దదైతే రెక్క మీదికి పారి గుంటలు పూడిపోతాయి. అట్లా ఒక పదిహేను చెడగొట్టింది. ఇంకోచోట పెద్ద తప్పు చేసింది. నల్లగా, బొటనవేలంత పొడుగు, తెల్లటి చుక్కలున్న పురుగులు ఒక పెట్టెలో ఏడు ఉన్నాయి. వాటి మూతరెక్కలు రెండూ ఒకటిగా అతుక్కుని డొప్పలాగా ఉన్నాయి. మట్టి పట్టి అతుక్కున్నాయనుకుని గోటితో విడదీయబోయింది. మూడు విరిగాక అనుమానం వచ్చి ఆపింది.

తనిఖీ బృందం వచ్చింది, కొత్త కంప్యూటర్లు చూసింది, టీ తాగి వెళ్ళింది. మెట్ల కింది స్టోరు వైపు ఎవరూ రాలేదు. సంక్రాంతి సెలవులు దాటి, ఎండలు ముదిరే వేళకు పని ఒక కొసకు వచ్చింది. పదకొండు వందల పైచిలుకు పురుగులుండగా, ఆరువందల పన్నెండింటికి జతలు కుదిరాయి. రెండువందల చిల్లరకు కుడి రెక్క ఒక్కటే మిగిలింది. మిగతావి పోయినట్టే.

అప్పటిదాకా ఆమె రమాకాంత్ సార్‌కు ఏమీ చెప్పలేదు. నాలుగైదుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేసింది. చివరికి ఒక ఆదివారం రెండు పెట్టెలు చీరముక్కలో చుట్టి, యాదగిరి ఆటోలో వడ్డేపల్లిలోని సార్ ఇంటికి పోయింది. ఆమె మేడ ఎక్కింది, యాదగిరి కిందే ఉన్నాడు.

సార్ ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు. మోకాలి నొప్పితో నడక తగ్గింది, మనిషి ఇంకా సన్నబడ్డాడు. ఆమె పెట్టెలు కింద పెట్టకముందే చెప్పడం మొదలుపెట్టింది. గది సంగతి, పురుగు పట్టిన సంగతి, ఇరవై నాలుగు పెట్టెలు కాల్చిన సంగతి. అంతా విన్నాక ఆయన ఒకే మాట అడిగాడు.

"తాళంచెవి నీ దగ్గరనే ఉండె గదా?"

"ఉండె సార్. మా ఇంట్లనే ఉండె. రోజు జూసిన. నాకు యాదికే రాలె."

కరోనా మాట, అత్త పోయిన మాట ఎత్తితే ఆయన కాదనడని ఆమెకు తెలుసు. ఎత్తలేదు. ఆయన భూతద్దం కోసం చెయ్యి చాపాడు. భార్య తెచ్చి ఇచ్చింది. మొదటి పెట్టె మీదికి వంగాడు. చాలాసేపటికి పెన్సిలు తీసి ఒక అట్ట మీద చుక్క పెట్టాడు. తర్వాత ఇంకోటి. రెండు పెట్టెల్లో కలిపి తొమ్మిది చుక్కలు పెట్టాడు. తొమ్మిది జతలు తప్పు. తర్వాత నల్ల డొప్పల దగ్గర ఆగాడు.

"ఇవి ఎందుకు ఇరిగినయి?"

"అంటుకున్నయనుకొని ఇడదీసిన సార్."

"అవి ఇడువడయి. బతికున్నప్పుడు సుత ఇడువడయి. ఆ పురుగు ఎగరదు, ఉరుకుతది. మూతలు రెండు కలిసి పుట్టినయి. ఇది నీకు చెప్పిన్నా నేను?"

"చెప్పలె సార్."

"చెప్పలె," అన్నాడు ఆయన కూడా, తనకు తాను చెప్పుకున్నట్టు. భూతద్దం పక్కన పెట్టాడు. "నువ్వు యాది మరిసినవ్. నేను రిటైరైనంక మూడేండ్లు ఇదే ఊర్లె ఉన్న. కాలేజి నుంచి రెండు కిలోమీటర్లు లేదు. ఒక్కనాడు వచ్చి సూడలె. ఒక్క ఫోన్ జెయ్యలె."

లోపలి నుంచి ఆయన భార్య టీ తెచ్చింది. తాగారు. ఆయన మిగతా పదిహేడు పెట్టెలు కూడా రెండేసి చొప్పున తెమ్మన్నాడు. దిగి వచ్చాక, సార్ ఏమన్నాడని యాదగిరి అడిగాడు. తొమ్మిది తప్పులున్నయన్నడు, అని చెప్పింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆదివారం ఆదివారం ఆ రాకపోకలు సాగాయి. ఆయన దిద్దడం, ఆమె మళ్ళీ అంటించడం. ఒకసారి ఒక జత మీద ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. ఆయన తప్పు అన్నాడు, ఆమె కాదంది. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి, గీత గీతా లెక్కపెట్టి చూపించింది. ఆయన తన చుక్కను రబ్బరుతో తుడిచేశాడు. పెట్టెలన్నీ దిద్దడం పూర్తయ్యాక, పైన అంటించడానికి భారతి మేడం ఒక కాగితం అచ్చు తీయించింది. దాని మీద శాఖ పేరు, కింద 'మూతరెక్కలు మాత్రమే' అని ఉంది. పెట్టెలు తిరిగి వెనక గదిలోకి వచ్చాయి, కంప్యూటర్ల వెనక గోడకు.

మరుసటి ఏడాది జూలైలో దీప్తి అనే అమ్మాయి వచ్చింది. డోర్నకల్ పిల్ల, తండ్రి రైల్వేలో పని చేస్తాడు. హైదరాబాద్‌లో పేడపురుగుల మీద పరిశోధన చేస్తోంది. పాత వరంగల్ జిల్లాలో నలభై ఏళ్ళ కింద ఏ పేడపురుగులు ఉండేవో తెలుసుకోవడానికి ఊరూరా కాలేజీలు తిరుగుతోంది. చాలా చోట్ల ఆమెకు పెట్టెలు దొరకలేదు, దొరికినచోట చీటీలు లేవు. ఇక్కడ పురుగులు లేవని, మూతరెక్కలు మాత్రం ఉన్నాయని భారతి మేడం కాస్త మొహమాటంగానే చెప్పింది. దీప్తి మొదటి పెట్టె మూత తీసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు.

ఆమె నాలుగు రోజులు ఉంది. మేడం ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఆ నాలుగు రోజులు వినోదను ఊడ్చే పని నుంచి తప్పించింది. రెక్క పైన గీతలు, గుంటలు, నూగు చూసి చాలా పురుగుల పేరు చెప్పవచ్చునని దీప్తి అంది. కొన్నిటికి తల కావాలి, కాళ్ళు కావాలి, వాటిని అనుమానం కిందనే రాసుకుంది. వినోద తీసి ఇవ్వడం, ఆమె ఫొటోలు తీయడం. నాలుగో రోజు ఒక పెట్టె మూలలో ఒంటి కుడి రెక్క దగ్గర దీప్తి ఆగిపోయింది. ముదురు రాగిరంగు. వేలిగోరంత ఉంది. ఎనిమిది లోతైన చాళ్ళు, చాలు చాలుకూ నడుమ ఉబ్బెత్తు. చీటీ మీద 'మేడారం రోడ్డు, ఆగస్టు 1984' అని ఉంది. ఇది తను ఇంతవరకు ఎక్కడా చూడలేదంది.

"ఎడమది దొరకలేదా అక్కా?"

"ఆ పెట్టె పొడి మొత్తం మూడుసార్లు జల్లించిన. లేదు."

సార్‌ను అడిగితే ఆయనకు గుర్తుంది. అప్పుడాయన కొత్తగా చేరాడు. సమ్మక్క జాతర అయిపోయిన ఆర్నెల్లకు, వానలో, పిల్లలతో బస్సు దిగి తాడ్వాయి దాటాక అడవి అంచున పట్టుకున్నారు. దున్నపోతు పేడలో దొరికిందని చెప్పాడు. ఒక్కటే దొరికింది. అదేదో పెద్ద విషయమని ఆ రోజు ఎవరికీ అనిపించలేదు.

ఆగస్టు రెండో వారంలో దీప్తి, వినోద ఇద్దరూ అక్కడికి పోయారు. వినోద రెండు రోజులు సెలవు పెట్టింది. పురుగు కోసం సెలవేందని యాదగిరి అడిగాడు కానీ, బస్టాండు దాకా తనే దింపాడు. జాతరప్పుడు ఇసుక వేస్తే రాలని జనం ఉండే ఆ తోవ వానాకాలంలో ఖాళీగా ఉంటుంది. సన్నటి తుంపర, ఎర్రమట్టి, టేకు ఆకుల మీద చినుకుల చప్పుడు. ఇద్దరూ పుల్లలు పట్టుకుని, కనిపించిన పేడకుప్పనల్లా తిరగేశారు. పేడ తిరగేయడం వినోదకు కొత్త కాదు, పిడకలు కొట్టిన చేతులే. దీప్తి కూడా జంకలేదు.

పశువులు కాసే యాకయ్య అనే ముసలాయన వాళ్ళను కాసేపు చూసి దగ్గరికొచ్చాడు. వినోద తన ఫోనులో రెక్క ఫొటో చూపించింది. ఆయన ఫోనును దూరంగా పట్టుకుని చూశాడు.

"గిది మస్తుగుండేటిది," అన్నాడు. "పేడను ఉండ జేసి నూక్కుంట పోయేటిది. నేను పోరగాన్నున్నప్పుడు దీన్ని బట్టి దారం గట్టి ఎగిరేపిచ్చెటోళ్ళం. ఇప్పుడు కనవడ్తలేదు."

"ఎన్నేండ్ల సంది కనవడ్తలేదు బాపు?" అని వినోద అడిగింది.

ఆయన ఫోను తిరిగిచ్చాడు. అది చూసుకుంటూ ఎవరుంటారని, లేదని తెలిసింది కూడా మీరు అడిగితేనే అని చెప్పాడు. మునుపు ఆ ఊరికి నాలుగు మందల దున్నలుండేవని, ఇప్పుడు దుక్కి ట్రాక్టర్లదని, ఉన్న పశువులకు కూడా కడుపులో పురుగులు పడకుండా మందు పోస్తున్నారని అన్నాడు. ఆ మందు పేడలోకి దిగి పేడపురుగుల పిల్లల్ని చంపుతుందని దీప్తి వినోదకు తర్వాత చెప్పింది. ఈ పురుగు పోవడానికి అదే కారణమో కాదో మాత్రం తనకు తెలియదంది.

రెండు రోజుల్లో పదకొండు రకాల పేడపురుగులు దొరికాయి. రాగిరంగుది దొరకలేదు. రెండో రోజు సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు వినోద కాళ్ళ నిండా జలగలు కరిచిన మచ్చలున్నాయి. వచ్చిన పని కాలేదని ఆమె మనసులో ఉంది. దీప్తి ముఖంలో మాత్రం అట్లాంటిదేమీ కనిపించలేదు. వెతికి దొరకకపోతే అది కూడా రాసి పెట్టాలని, వెతికారని తెలియకపోతే తర్వాత వచ్చేవాళ్ళకు లెక్క అందదని చెప్పింది. రాయడం నువ్వే రాయి అక్కా, అంది.

సోమవారం వినోద ఊడ్చడం ముగించుకుని వెనక గదిలోకి పోయింది. పాత చీటీలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమె తెలుగులో రాసింది. అక్షరాలు కుదురుగా రావాలని ముందు చిత్తు కాగితం మీద రాసి చూసుకుంది. 'మేడారం రోడ్డు, తాడ్వాయి దాటినంక. ఆగస్టు 10, 11, 2023. ఇద్దరం వెతికినం. దొరకలేదు.' కింద తన పేరు, దీప్తి పేరు. చీటీని ఒక ఖాళీ సూదికి గుచ్చి, రాగిరంగు రెక్క పక్కన నిలబెట్టి, మూత వేసింది.

ఆ సాయంత్రం దీప్తి ఫోను చేసింది. వచ్చే ఆగస్టులో, ఈసారి ఏటూరునాగారం వైపు నుంచి అడవిలోకి పోదామని, ఐదు రోజులు పడుతుందని చెప్పింది. ఐదు రోజులు సెలవంటే ఏజెన్సీ వాళ్ళు ఊరికే ఇవ్వరని వినోద అంది. ఇప్పుడే అడిగి పెడతానంది.